వర్చువల్ మెషీన్లలో కాలగణన: ఒక మినహాయింపు చరిత్ర

ఒకే కంప్యూటరుపై అనేక కంప్యూటర్లు విడివిడిగా నడుస్తున్నట్లు చూపే విధానానికి దాదాపు ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. అలా సాఫ్ట్‌వేర్‌తో కల్పించిన కంప్యూటరును వర్చువల్ మెషీన్ అనీ, దాన్ని కల్పించి అదుపులో ఉంచే పొరను హైపర్‌వైజర్ అనీ, అడుగున ఉన్న అసలు యంత్రాన్ని హోస్ట్ అనీ, వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్ట్ అనీ వ్యవహరిస్తారు. మెమరీని భాగాలు చేసి గెస్ట్‌లకు పంచవచ్చు, డిస్కును విడగొట్టవచ్చు, ప్రాసెసర్‌ను వంతులవారీగా అప్పగించవచ్చు. కానీ వంతు రాని గెస్ట్ కదలకుండా పడి ఉన్నంతసేపూ బయటి కాలం నడుస్తూనే ఉంటుంది, దాన్ని ఆపడం గానీ పంచడం గానీ ఏ హైపర్‌వైజర్‌కూ సాధ్యం కాదు. తాను గెస్ట్‌నన్న సంగతి గెస్ట్‌కు తెలియనివ్వరాదన్న ఆశయం తక్కిన విషయాల్లో చాలావరకు నెగ్గినా కాలం దగ్గర ఓడిపోయింది. ఆ ఓటమిని దాచే ప్రయత్నాలు ఎలా విఫలమయ్యాయో, దాన్ని ఒప్పుకున్నాక పరిష్కారం ఎలా దొరికిందో చెప్పేదే వర్చువల్ మెషీన్లలో కాలగణన చరిత్ర.

ఈ చరిత్ర అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐబీఎం సంస్థకు చెందిన కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో మొదలైంది. అక్కడ 1960వ దశకం మధ్యలో రూపొందిన సీపీ-40, ఆ తరువాత సిస్టమ్/360 మోడల్ 67 కోసం వచ్చిన సీపీ-67, వాటి వారసత్వంగా 1972 ఆగస్టులో ఐబీఎం ప్రకటించిన వీఎం/370 అనే వ్యవస్థలు ప్రతి వినియోగదారుకూ ఒక పూర్తి మెయిన్‌ఫ్రేమ్ తన సొంతమన్న అనుభవాన్ని ఇచ్చాయి. సిస్టమ్/360లో ఇంటర్వెల్ టైమర్ అనేది విడి పరికరంగా కాక మెమరీలో 80వ చిరునామా వద్ద ఉండే 32 బిట్ల సంఖ్యగా కనిపించేది. హార్డ్‌వేర్ దాన్ని క్రమం తప్పకుండా తగ్గిస్తూ పోయేది, అది సున్నా దాటి రుణసంఖ్య కాగానే ప్రాసెసర్‌కు ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి తనను పట్టించుకొమ్మనే సంకేతం, అందేది. వర్చువల్ మెషీన్‌కు ఈ సంఖ్యను ఏ లెక్కన తగ్గించి చూపాలన్నది అప్పుడే ప్రశ్నగా నిలిచింది. వీఎం/370 మామూలుగా ఆ గెస్ట్ వాస్తవంగా ప్రాసెసర్‌పై నడిచిన సమయానికే టైమర్‌ను తగ్గించేది. కోరినవారికి మాత్రం గెస్ట్ తనంత తానుగా పని లేక వేచి ఉన్న సమయాన్ని కూడా కలిపి తగ్గించే ఏర్పాటు ఉండేది. ఒక ప్రోగ్రాము ఎంత ప్రాసెసర్ సమయం వాడుకుందో తెలుసుకోవడానికి మొదటి లెక్క సరిపోతుంది, గోడ గడియారంతో పోల్చడానికి అది పనికిరాదు. ఒకే యంత్రంలో రెండు కాలాలు ఉన్నాయనీ, రెండూ నిజమైనవే అనీ ఆ ఏర్పాటు అప్పుడే ఒప్పుకున్నట్లయింది.

సిస్టమ్/370తో ఐబీఎం ఈ రెండు కాలాలనూ హార్డ్‌వేర్‌లోనే వేరు చేసింది. 1900 జనవరి 1 నుంచి లెక్క మొదలయ్యే 64 బిట్ల టైమ్ ఆఫ్ డే గడియారం అందులో ముఖ్యమైనది. దానిలో 51వ బిట్ సరిగ్గా ఒక మైక్రోసెకనుకు సమానం కనుక ఆ లెక్క 2042 సెప్టెంబరు 17న నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. ఈ గడియారాన్ని చదివే ఆదేశానికి ప్రత్యేక అధికారం అక్కరలేదు, అందువల్ల గెస్ట్ అయినా మరొకరైనా హైపర్‌వైజర్ ప్రమేయం లేకుండా నేరుగా అసలు సమయాన్నే చదువుకునేవారు. దీనికి తోడుగా ప్రాసెసర్ వాడకాన్ని కొలవడానికి సీపీయూ టైమర్ విడిగా వచ్చింది. తరువాతి తరం మెయిన్‌ఫ్రేములలో గెస్ట్‌ను నడిపించే ప్రత్యేక ఆదేశం చేరినప్పుడు, ప్రతి గెస్ట్‌కూ ఒక తేడా సంఖ్యను నమోదు చేసి ఉంచి, అసలు గడియారానికి దాన్ని కలిపి చూపే సౌకర్యం కూడా హార్డ్‌వేర్‌లోనే కుదిరింది. ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్, హైపర్‌వైజర్ మూడూ ఒకే సంస్థ చేతిలో ఉండటం వల్ల మెయిన్‌ఫ్రేమ్ ప్రపంచంలో కాలగణన పెద్ద సమస్యగా ముదరలేదు.

సిద్ధాంతం మాత్రం ఈ చిక్కును దాచలేదు. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974 జూలైలో ప్రచురించిన ప్రసిద్ధ పత్రం వర్చువల్ మెషీన్‌కు ఉండవలసిన లక్షణాలను నిర్వచించింది: గెస్ట్‌లో నడిచే ప్రోగ్రాము అసలు యంత్రంపై నడిచినట్లే ప్రవర్తించాలి, ఆదేశాల్లో అత్యధిక భాగం హైపర్‌వైజర్ జోక్యం లేకుండా నేరుగా ప్రాసెసర్‌పైనే నడవాలి, వనరుల మీద పూర్తి అధికారం హైపర్‌వైజర్‌దే కావాలి. మొదటి లక్షణానికి ఆ రచయితలు రెండు మినహాయింపులు ఇచ్చారు. వనరుల లభ్యత వల్ల కలిగే తేడాలు ఒకటి, కాలంపై ఆధారపడే ప్రవర్తనలో వచ్చే తేడాలు రెండోది. తరువాతి పాతికేళ్లలో ఆ పత్రాన్ని చదివినవారు ఎక్కువగా ప్రాసెసర్ ఆదేశాల వర్గీకరణ మీదే దృష్టి పెట్టారు. రెండో మినహాయింపు ఎంత బరువైనదో పర్సనల్ కంప్యూటర్‌పై వర్చువలైజేషన్ మొదలయ్యాక గానీ తెలిసిరాలేదు.

పర్సనల్ కంప్యూటర్ కాలగణనకు ఒక పద్ధతి గానీ ఒక అధికారి గానీ లేడు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8253 అనే టైమర్ చిప్ ఉండేది. అది సెకనుకు సుమారు 11,93,182 సార్లు కొట్టుకునేది, ఎందుకంటే కలర్ టెలివిజన్ సంకేతాల కోసం చవకగా దొరికే 14.31818 మెగాహెర్ట్జ్ స్ఫటికం నుంచి వచ్చే వేగాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది ఆ సంఖ్యే. దాన్ని మళ్లీ 65,536తో భాగించగా వచ్చిన సెకనుకు 18.2 టిక్కులే ఆ పీసీ ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ వాడిన కాలమానం. టిక్కు అంటే టైమర్ నిర్ణీత వ్యవధికి ఒకసారి పంపే ఇంటరప్ట్. 1984లో వచ్చిన ఏటీ నమూనా, కరెంటు లేనప్పుడు కూడా బ్యాటరీతో నడిచే గడియారాన్ని చేర్చింది. 1993లో పెంటియం ప్రాసెసర్ తన ప్రతి చక్రాన్నీ లెక్కపెట్టే టైమ్ స్టాంప్ కౌంటర్‌ను తెచ్చింది, దాన్నే క్లుప్తంగా టీఎస్‌సీ అంటారు. ఆపైన మరికొన్ని టైమర్లు చేరాయి, పాతవి మాత్రం పోలేదు. ఇన్ని ఉన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలాకాలం నమ్ముకున్నది టిక్కుల లెక్కనే: యంత్రం మొదలైనప్పుడు బ్యాటరీ గడియారాన్ని ఒకసారి చదవడం, ఆ తరువాత వచ్చిన ప్రతి టిక్కుకూ నిర్ణీత వ్యవధిని కలుపుకుంటూ పోవడం, అంతే. ఒక టిక్కూ తప్పిపోదన్న నమ్మకం మీదే ఈ పద్ధతి నిలబడింది.

1998లో ఏర్పడిన వీఎంవేర్ సంస్థ 1999లో పర్సనల్ కంప్యూటర్ మీద వర్చువల్ మెషీన్లను నడిపే ఉత్పత్తిని, 2001లో సర్వర్లకు తగిన ఈఎస్ఎక్స్‌ను విడుదల చేయడంతో ఆ నమ్మకం సడలింది. గెస్ట్ ప్రాసెసర్‌పై లేని క్షణంలో దానికి టిక్కు అందించడం కుదరదు. అది మళ్లీ నడిచే వేళకు రావలసిన టిక్కులు పేరుకుపోయి ఉంటాయి. వాటిని వదిలేస్తే గెస్ట్ గడియారం వెనకబడుతుంది, ఒక్కసారిగా కుమ్మరిస్తే గెస్ట్ తట్టుకోలేదు. వీఎంవేర్ ఎంచుకున్న మార్గం మధ్యస్థమైనది: బాకీపడ్డ టిక్కులను కాస్త వేగంగా అందిస్తూ గెస్ట్‌ను అసలు సమయానికి చేర్చడం, ఈలోగా ఇతర టైమర్లు చూపే విలువలను కూడా ఆ వెనకబడిన కాలానికే సరిపోల్చి చూపడం. గెస్ట్ దృష్టిలో అన్ని గడియారాలూ ఏకమాట మీద ఉండాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం.

బాకీ పెరగడానికి కారణాలు గెస్ట్ వైపునుంచీ వచ్చాయి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని కెర్నెల్ అంటారు; దాని 2.4 సంస్కరణ సాధారణంగా సెకనుకు 100 టిక్కులు అడిగేది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్, ఇంటెల్ తరహా యంత్రాలపై ఆ సంఖ్యను 1000కి పెంచింది. సొంత యంత్రంపై ఇది చురుకుదనాన్నిచ్చే మార్పే. కానీ ఒకే హోస్ట్‌పై ఇలాంటి ఇరవై గెస్ట్‌లు ఉంటే, ఏ ఒక్కరూ ఏ పనీ చేయకపోయినా సెకనుకు కనీసం 20,000 టిక్కులు అందించవలసి వచ్చేది; ఒక్కో గెస్ట్‌కు అనేక వర్చువల్ ప్రాసెసర్లు ఉంటే వాటి టైమర్ల టిక్కులు దీనికి అదనం. పనిలేని గెస్ట్‌లు సమయం ఎంతయిందని అడుగుతూ, పని ఉన్న గెస్ట్‌ల సమయాన్ని తినేసేవి. ఈ పెంపు అతిగా ఉందన్న విమర్శల మధ్య 2005లో వచ్చిన 2.6.13 కెర్నెల్ ఆ సంఖ్యను నిర్వాహకులు ఎంచుకునేలా చేసి, మామూలు విలువను 250గా నిర్ణయించింది.

అంతకంటే విచిత్రమైన సమస్య దిద్దుబాటులోనే పుట్టింది. అసలు యంత్రాలపై కూడా అప్పుడప్పుడు టిక్కులు తప్పిపోతాయని గమనించిన లినక్స్ రూపకర్తలు, టిక్కు వచ్చినప్పుడల్లా టీఎస్‌సీ వంటి మరో కౌంటర్‌తో పోల్చి, మధ్యలో ఎన్ని తప్పాయో అంచనా వేసి, ఆ మేరకు గడియారాన్ని ముందుకు జరిపే ఏర్పాటు చేశారు. వర్చువల్ మెషీన్‌లో ఆలస్యమైన టిక్కును చూసి గెస్ట్ అది తప్పిపోయిందనుకుని తన లెక్క తాను సరిచేసుకునేది. కాసేపటికి హైపర్‌వైజర్ ఆ పాత బాకీని కూడా నమ్మకంగా తీర్చేది. ఒకే నష్టాన్ని ఇద్దరూ పూడ్చడంతో వెనకబడవలసిన గడియారం కాస్తా ముందుకు పరిగెత్తేది. ఎవరి లెక్కలో వారు తప్పు చేయకపోయినా, రెండు ఒప్పులు కలిసి తప్పయ్యాయి.

నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచూసే ఎన్‌టీపీ ఉండగా ఈ అవస్థ ఎందుకన్న ప్రశ్న సహజం. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించిన ఆ విధానం 1985లోనే ప్రమాణ పత్రంగా వెలువడింది. అయితే దాని ప్రధాన అమలు సాఫ్ట్‌వేర్, గడియారపు లోపం స్ఫటికానికి సహజమైన స్వల్ప స్థాయిలోనే ఉంటుందని భావించి, వేగాన్ని పది లక్షల్లో 500 వంతులకు మించి సవరించదు; రోజు లెక్కన అది 43.2 సెకన్లు. నూటికి ఐదు టిక్కులు కోల్పోయే గెస్ట్ రోజుకు 72 నిమిషాలు వెనకబడుతుంది, అంటే ఆ లోపం ఎన్‌టీపీ సవరించగల పరిమితికి వంద రెట్లు. తేడా 128 మిల్లీసెకన్లు దాటితే ఆ సాఫ్ట్‌వేర్ గడియారాన్ని ఒక్క ఉదుటున జరుపుతుంది, 1000 సెకన్లు మించితే ఏదో తీవ్రమైన లోపం ఉందని తీర్మానించి పని మానేస్తుంది. నెట్‌వర్క్‌లో వ్యక్తుల, సేవల గుర్తింపును నిర్ధారించే కెర్బరాస్ విధానం మామూలుగా ఐదు నిమిషాల తేడాను మాత్రమే సహిస్తుంది. పై గెస్ట్ గంటా నలభై నిమిషాల్లోనే ఆ హద్దు దాటి, సరైన పాస్‌వర్డ్ ఉన్నవారిని కూడా లోపలికి రానివ్వని స్థితికి చేరుతుంది. రెండు సర్వర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఏ సంఘటన ముందు జరిగిందో తేల్చడం కూడా అసాధ్యమవుతుంది.

అందువల్ల 2000వ దశకం మధ్యలో వర్చువల్ మెషీన్ల నిర్వాహకులకు కాలగణన చిట్కాల శాస్త్రంగా మారింది. ఏ కెర్నెల్‌కు ఏ సెట్టింగ్ ఇవ్వాలో చెప్పే పట్టికలు వెలిశాయి. టీఎస్‌సీని నమ్మవద్దని కొన్ని కెర్నెళ్లకు, పాత టైమర్ చిప్‌నే వాడమని మరికొన్నింటికి చెప్పవలసి వచ్చేది. రెడ్ హ్యాట్ సంస్థ తన లినక్స్‌లో, టిక్కుల సంఖ్యను పదితో భాగించి 1000ని 100కి దించే సెట్టింగ్‌ను చేర్చింది. గెస్ట్‌లో స్థాపించే వీఎంవేర్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్, వెనకబడిన గడియారాన్ని మధ్యమధ్య హోస్ట్ సమయానికి జరిపేది. దాన్ని ఎన్‌టీపీతో కలిపి వాడితే ఒకే గడియారానికి ఇద్దరు యజమానులై ఒకరు జరిపినదాన్ని మరొకరు తిప్పుకునేవారు. ఈ చిట్కాలన్నిటి వెనుకా ఉన్నది ఒక్కటే పొరపాటు భావన: ఎక్కడో ఒక మర సరిగ్గా బిగిస్తే గెస్ట్ తనను అసలు యంత్రంగానే భావిస్తూ సరైన సమయం చెప్పగలదన్నది.

ఈ భావనను పక్కనపెట్టిన ప్రయత్నం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 2003లో అక్కడి పరిశోధకులు ప్రకటించిన జెన్ హైపర్‌వైజర్, గెస్ట్‌కు నిజం చెప్పి దాని సహకారం తీసుకునే పారావర్చువలైజేషన్ పద్ధతిని అనుసరించింది. జెన్ గెస్ట్‌కు మూడు కాలాలను వేరువేరుగా అందించింది: యంత్రం మొదలైనప్పటి నుంచి నానోసెకన్లలో సాగే వాస్తవ కాలం, ఆ గెస్ట్ ప్రాసెసర్‌పై ఉన్నప్పుడే ముందుకు కదిలే వర్చువల్ కాలం, వాస్తవ కాలానికి ఒక తేడాను కలిపితే వచ్చే గోడ గడియార కాలం. వీఎం/370 టైమర్ ఏర్పాటులో రహస్యంగా ఇమిడి ఉన్న విభజనే ఇక్కడ బహిరంగమైంది. ఏ ప్రోగ్రామును ఎంతసేపు నడపాలో నిర్ణయించడానికి వర్చువల్ కాలాన్నీ, తేదీ వేయడానికి గోడ గడియారాన్నీ వాడుకునే స్వేచ్ఛ గెస్ట్‌కు దక్కింది.

ఈ ఏర్పాటు పనిచేసే తీరు పరిశీలించదగినది. హైపర్‌వైజర్, గెస్ట్ ఇద్దరూ చూడగలిగే మెమరీ పేజీలో ప్రతి వర్చువల్ ప్రాసెసర్‌కూ 32 బైట్ల చిన్న నమోదు ఉంటుంది. ఫలానా క్షణంలో వాస్తవ కాలం ఇంత, అదే క్షణంలో టీఎస్‌సీ విలువ ఇంత, టీఎస్‌సీ చక్రాలను నానోసెకన్లుగా మార్చడానికి గుణకం ఇంత అన్న వివరాలను హైపర్‌వైజర్ అందులో రాస్తుంది. సమయం కావలసిన గెస్ట్ టీఎస్‌సీని తానే చదివి, రాసి ఉన్న విలువను తీసివేసి, మిగిలినదాన్ని గుణకంతో హెచ్చవేసి, వాస్తవ కాలానికి కలుపుకుంటుంది. నమోదు మొదట్లో ఉండే సంస్కరణ సంఖ్యను హైపర్‌వైజర్ రాయడం మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి పెంచుతుంది; ఆ సంఖ్య బేసి అయినా, చదువుతుండగా మారినా గెస్ట్ తన లెక్కను మళ్లీ మొదలుపెడుతుంది, కాబట్టి సగం పాతవీ సగం కొత్తవీ అయిన విలువలు కలిసిపోయే ప్రమాదం లేదు. ఇందులో టిక్కుల లెక్కే లేదు. గెస్ట్ పది మిల్లీసెకన్లు ఆగినా పది సెకన్లు ఆగినా, లేచిన వెంటనే చేసే మొదటి గణనతోనే సరైన సమయం చేతికి వస్తుంది.

లినక్స్ అంతర్నిర్మాణం కూడా ఇదే దిశలో మారింది. టిక్కులను కూడడం మాని, ఏదో ఒక కౌంటర్‌ను చదివి సమయం తేల్చే కొత్త చట్రం 2006లో 2.6.18 కెర్నెల్‌తో, పనిలేనప్పుడు టిక్కులనే ఆపివేసే విధానం 2007లో 2.6.21తో వచ్చాయి, పనిలేని గెస్ట్‌లు హోస్ట్‌ను వేధించే పాత బెడద దీనితో తగ్గింది. 2007 ఆరంభంలో లినక్స్‌లో భాగమైన కేవీఎం హైపర్‌వైజర్, మరుసటి ఏడాది జెన్ నమోదు రూపాన్నే స్వీకరించి కేవీఎం క్లాక్‌ను అందించింది. 2008లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హైపర్-వీ కూడా 100 నానోసెకన్ల ప్రమాణంతో గెస్ట్‌కు ఒక ప్రామాణిక కౌంటర్‌ను చూపింది. గెస్ట్ నడవడానికి సిద్ధంగా ఉండి కూడా ప్రాసెసర్ దొరకక పోగొట్టుకున్న సమయాన్ని స్టీల్ టైమ్ అనే పేరుతో విడిగా లెక్కించి చూపడం కూడా స్థిరపడింది. టాప్ అనే కమాండ్‌ను నడిపితే ప్రాసెసర్ వాడకపు వరుసలో చివర ‘ఎస్‌టీ’ అన్న అక్షరాల పక్కన కనిపించే శాతం అదే. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే లోపం గెస్ట్‌లో కాక హోస్ట్‌పై ఉన్న రద్దీలో ఉందని నిర్వాహకులు గ్రహిస్తారు.

ఈ పద్ధతి అంతటికీ ఆధారమైన టీఎస్‌సీ మొదట్లో నమ్మదగినది కాదు. విద్యుత్తు ఆదా కోసం ప్రాసెసర్ వేగం తగ్గితే అదీ నెమ్మదించేది, గాఢ నిద్ర స్థితుల్లో ఆగిపోయేది, వేర్వేరు ప్రాసెసర్లలో వేర్వేరు విలువలు చూపేది. 2008లో వచ్చిన ఇంటెల్ నెహేలమ్ తరం నుంచి అన్ని స్థితుల్లోనూ ఒకే వేగంతో సాగే టీఎస్‌సీ సర్వర్లలో సాధారణమైంది. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ తెచ్చిన వర్చువలైజేషన్ హార్డ్‌వేర్, గెస్ట్ చదివే టీఎస్‌సీకి ఒక తేడా సంఖ్యను తనంతట తానే కలిపే వీలు కల్పించింది. మెయిన్‌ఫ్రేమ్ ఏనాడో చేసుకున్న ఏర్పాటును పర్సనల్ కంప్యూటర్ సంతతి ఇలా ఆలస్యంగా చేరుకుంది. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు తరలించే లైవ్ మైగ్రేషన్ మరో పరీక్ష పెట్టింది. 2005లో ప్రచురితమైన జెన్ ప్రయోగాల్లో ఒక గేమ్ సర్వర్‌ను తరలించడానికి పట్టిన విరామం 60 మిల్లీసెకన్లే. కానీ చేరిన హోస్ట్ ప్రాసెసర్ వేగం వేరైతే, పాత వేగాన్ని నమ్మి లెక్క వేసుకునే గెస్ట్ మళ్లీ పొరబడుతుంది. కౌంటర్ వేగాన్నే హెచ్చించి లేదా తగ్గించి చూపే సౌకర్యాన్ని తరువాతి ప్రాసెసర్లు ఇందుకోసమే చేర్చుకున్నాయి.

గెస్ట్‌కు హోస్ట్ సమయం నిలకడగా అందడం మొదలయ్యాక, ఆ సమయం ఎంత కచ్చితమైనదన్నది తరువాతి ప్రశ్న అయింది. 2017లో లినక్స్ 4.11 కెర్నెల్‌తో, కేవీఎం గెస్ట్ తన హోస్ట్ గడియారాన్ని ఒక పరికరంలా నేరుగా చదివే వీలు కలిగింది; వేగంగా సవరించుకోగల క్రోనీ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి గెస్ట్ గడియారాన్ని దిద్దుతుంది. అదే ఏడాది నవంబరులో అమెజాన్ తన క్లౌడ్‌లో, ఉపగ్రహాలతో అనుసంధానమైన అణు గడియారాల ఆధారంగా గెస్ట్‌లకు సమయం అందించే సేవను ప్రారంభించింది, 2023లో దాన్ని మైక్రోసెకన్ల స్థాయికి తెచ్చింది.

భారతదేశంలో ఈ విషయం 2022లో చట్టపరమైన బాధ్యతగా మారింది. సైబర్ భద్రతను పర్యవేక్షించే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ ఆ ఏడాది ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు, సేవాసంస్థలూ డేటా సెంటర్లూ కంపెనీలూ తమ కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిచూసుకోవాలని నిర్దేశించాయి. పలు దేశాల్లో యంత్రాలున్న సంస్థలు మరో కచ్చితమైన ఆధారాన్ని వాడవచ్చు గానీ, అది ఆ రెంటికీ భిన్నంగా ఉండరాదు. భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించే బాధ్యత ఆ లాబొరేటరీదే. అదే ఏడాది నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించడంతో, ఆ నగరంలో నడిచే అసంఖ్యాక వర్చువల్ మెషీన్లకూ ఇదే క్రమశిక్షణ వర్తిస్తోంది.

1974 నాటి నిర్వచనం వర్చువల్ మెషీన్‌ను అసలు యంత్రానికి సాటిగా నిలుపుతూ కాలాన్ని మాత్రం పక్కన పెట్టింది. ఆ మినహాయింపు అలసత్వం వల్ల వచ్చినది కాదనీ, విషయ స్వభావం వల్ల తప్పనిసరి అయినదనీ తరువాతి అర్ధశతాబ్దం నిరూపించింది. టిక్కులను దాచిపెట్టి, కుమ్మరించి, భాగించి చేసిన ప్రయత్నాలు ఒకదాని లోపాన్ని మరొకటి పెంచాయి. గెస్ట్‌కు దాని స్థితిని తెలియజేసి, కొలిచే సాధనాన్ని దాని చేతికే ఇచ్చిన పద్ధతి నిలబడింది. నేటి నిర్వాహకుడికి ఈ చరిత్ర ఇచ్చే నియమం కూడా సూటిగానే ఉంది: హోస్ట్ గడియారాన్ని మొదట సరిచేయాలి, గెస్ట్‌కు హైపర్‌వైజర్ ఇచ్చే గడియారాన్నే వాడుకోనివ్వాలి, ఒక గడియారాన్ని దిద్దే అధికారాన్ని ఒక్కరికే అప్పగించాలి.